నరసాపురం రేవు దాటి నేర్చుకున్న వేణువు - నా అనుభవం

నేను పిల్లలకి ఫ్లూట్ నేర్పిస్తా. పేరెంట్స్ నాకు ఫోన్ చేసి అడిగే మొదటి మాట "మేడమ్, ఎన్ని నెలల్లో వచ్చేస్తుందండి" అని, రెండోది "ఏ ఫ్లూట్ కొనమంటారు" అని. రెండిటికీ నా జవాబు ఒకటే, ముందు మూడు నాలుగు నెలలు ఫ్లూట్ వద్దండి, పిల్లల్ని పాడనివ్వండి అని. కొందరు సరే అంటారు, కొందరు మళ్ళీ ఫోన్ చెయ్యరు. ఎందుకలా అంటానో ఫోన్లో రెండు నిమిషాల్లో చెప్పడం నాకు ఎప్పుడూ కుదర్లేదు, చెప్పాలంటే నేనెలా నేర్చుకున్నానో మొత్తం చెప్పాలి, అందుకే తీరిగ్గా కూచుని రాస్తున్నా, కొంచెం పెద్దదే అవుతుంది.

మాది సఖినేటిపల్లి దగ్గర పల్లెటూరు. నాన్నగారు కొబ్బరి దింపుల దగ్గర లెక్కలు రాసేవారు, అమ్మ లేసు అల్లేది. నరసాపురం లేసు గురించి తెలిసినవాళ్ళకి తెలుసు, అప్పట్లో మా వైపు ఊళ్ళల్లో మధ్యాహ్నం అన్నాలయ్యాక ప్రతి అరుగు మీదా ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు తెల్లదారం పట్టుకుని అల్లుతూ కనపడేవారు. 1989లో, నాకు పన్నెండేళ్ళప్పుడు, అంతర్వేది తీర్థంలో భీష్మ ఏకాదశి రథం రోజున నాన్నగారు నాకో వేణువు కొనిపెట్టారు, ఆరు బెజ్జాలది, రంగు కాగితం చుట్టినది. ఇంటికొచ్చేలోపు దాని మీద ఏదో వాయించేస్తున్నానంట, గుళ్ళో మైకులో విన్న పాట ముక్క. నాకు అదేం గుర్తులేదు గానీ నాన్నగారికి మాత్రం బాగా గుర్తుండిపోయింది, వారం తిరక్కుండా నన్ను పంటు, అంటే గోదావరి దాటించే పెద్ద పడవ, ఎక్కించి అవతలి గట్టున ఉన్న నరసాపురం తీసుకెళ్ళారు.

మాస్టారు అక్కడ ఒక గుడి వీధిలో ఉండేవారు. ఆయన పేరు రాయను, పేరు కాగితాల్లో రావడం ఆయనకి ఇష్టం ఉండేది కాదు. ఒకప్పుడు గోదావరి జిల్లాల్లో చాలా చోట్ల కచేరీలు చేసిన మనిషి. యాభై దాటాక మెట్ల మీద జారిపడి పై పళ్ళు రెండు పోయాయి. కట్టుడు పళ్ళు పెట్టించుకున్నారు గానీ, ఊదేవాళ్ళకి ముందు పళ్ళు ఎంత అవసరమో ఊదేవాళ్ళకే తెలుస్తుంది, పెదవి ఆనుకునే గోడ అది, గోడ మారిందంటే గాలి బెజ్జం అంచు మీద పడే కోణమే మారిపోతుంది. రెండేళ్ళు కష్టపడి చూసి మానేశారంట. "గాలి అలాగే ఉందమ్మా, దానికి దారే పోయింది" అన్నారు ఒకసారి, ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం నాకిప్పటికీ కళ్ళముందే ఉంది.

అంటే నాకు ఫ్లూట్ నేర్పిన గురువుగారు నాకెప్పుడూ ఫ్లూట్ వాయించి చూపించలేదు. మామూలుగా పిల్లలు గురువు వేళ్ళు చూసి నేర్చుకుంటారు, నాకు ఆయన గొంతు తప్ప ఇంకో ఆధారం లేదు. ఆయన పాడతారు, నేను పాడాలి, పాడింది సరిగ్గా ఉంటేనే తర్వాత వెదురు ముట్టుకోవాలి. మొదటి నాలుగు నెలలూ ఫ్లూట్ ఆయన బీరువాలోనే ఉంది. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, ఈ మొదటి పాఠాలన్నీ మూడు కాలాల్లోనూ, అంటే మూడు వేగాల్లోనూ, గొంతుతోనే. నేను ఏడ్చాను కూడా, తీర్థంలో కొన్నదైనా వాయించుకోనివ్వండి మాస్టారండీ అని. ఆయన కోప్పడలేదు. "వెదురుకి నోరు లేదమ్మాయ్, నీ నోరే దానికివ్వాలి, ముందు నీకు నోరు రావాలి కదా" అన్నారు.

బంధువుల్లో పెద్దావిడ ఒకరు వచ్చి "ఆడపిల్లకి ఊదే వాద్యం ఏంటన్నయ్యా, మూతి అలా పెట్టుకుని నలుగురిలో ఎలా కూచుంటుంది, వీణ నేర్పించు" అని నాన్నగారి దగ్గర చాలాసేపు కూచున్నారు. నాన్నగారికి ఏం చెప్పాలో తెలీలేదు, మరుసటి ఆదివారం మాస్టారితో అన్నారు. మాస్టారు లోపలికెళ్ళి క్యాసెట్ ఒకటి తెచ్చి ఇచ్చారు, వేణువు వాయించే సిక్కిల్ సిస్టర్స్ ది, కుంజుమణి గారు, నీల గారు. "ఇద్దరూ ఆడవాళ్ళేనండి, ఇంటికెళ్ళి అందరికీ వినిపించండి" అన్నారు. మా ఇంట్లో టేప్ రికార్డర్ లేదు, పక్కింటి బాబాయిగారి దగ్గర పెట్టించుకుని విన్నాం. అమ్మ అల్లిక ఒళ్ళో పెట్టుకుని క్యాసెట్ ఒక వైపు మొత్తం కదలకుండా వింది, ఆ తర్వాత నెల ఫీజు ముప్ఫై రూపాయలూ లేసు డబ్బుల్లోంచి తనే తీసిచ్చింది, నాకు పెళ్ళయ్యే వరకూ తనే ఇచ్చింది. 2002లో ఆ అక్కచెల్లెళ్ళకి మద్రాస్ మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చిందని పేపర్లో చదివినప్పుడు నేను మొదట ఫోన్ చేసింది అమ్మకే.

ఇక అసలు ఊదడం. మన కర్ణాటక వేణువుకి ఊదే బెజ్జం కాకుండా ఎనిమిది బెజ్జాలుంటాయి, వేళ్ళు ఏడింటి మీదే పడతాయి, చివరిది ఊరికే వదిలేస్తాం. పై రెండూ మూస్తే షడ్జం, అంటే స. చదవడానికి ఇంతే. నాకు మొదటి పది రోజులూ ఉత్త గాలి వచ్చింది, బాగా ఊదానని అనుకునేసరికి తల తిరిగేది, అరుగు మీద పడుకోబెట్టి మజ్జిగ ఇచ్చేవారు మాస్టారి భార్య, ఆవిణ్ణి అమ్మగారూ అనే పిలిచేదాన్ని. పెదాల మధ్య బియ్యపుగింజ పట్టేంత సందు చాలు అనేవారు మాస్టారు, నేనేమో కొవ్వొత్తి ఆర్పినట్టు ఊదేదాన్ని. ఎక్కువ గాలి ఊదితే ఎక్కువ శబ్దం రాదు, సన్నటి గాలి సరైన చోట పడితేనే వస్తుంది, ఇది చెప్తే అర్థం కాదు, ఒకరోజు దానంతటదే జరుగుతుంది. నాకు పదకొండో రోజు జరిగింది. ఇంట్లో కాదు, పంటు రేవు దగ్గర, సాయంత్రం.

పంటు గురించి ఒక మాట చెప్పాలి. వారానికి రెండుసార్లు వశిష్ఠ గోదావరి దాటాలి, శనివారం సాయంత్రం, ఆదివారం పొద్దున్న. పంటు మధ్యలోకొచ్చాక గాలి తగిలేది కదా, అక్కడ ఫ్లూట్ తీసి ఊదడానికి చూసేదాన్ని, ఒక్క స్వరం పలికేది కాదు. నా పెదాల నుంచి వెళ్ళే సన్న గాలిని నది గాలి పక్కకి తోసేసేది. మాస్టారికి చెప్తే చాలా సంతోషించారు, "నీ గాలి ఎంత పల్చనిదో తెలిసిందా, వీపు గాలికి పెట్టి కూచో, ఫ్లూట్ ని నీ ఒంటి చాటున పెట్టు" అన్నారు. అలా చేస్తే నిజంగానే పలికింది. తర్వాత రోజుల్లో ఆరుబయట పందిళ్ళలో కచేరీ చేసేటప్పుడు వేదిక మీద పెడస్టల్ ఫ్యాన్ ఎటు తిరుగుతుందో ముందు చూసుకుని కూచోవడం నాకు అక్కణ్ణుంచే అలవాటైంది, ఫ్యాన్ గాలి తగిలితే సగం స్వరాలు పోతాయి, ఇది ఆర్గనైజర్స్ కి చెప్పాలి, సిగ్గుపడకూడదు.

వేళ్ళకీ టైం పడుతుంది. మొదటి పాఠం మాయామాళవగౌళ రాగంలో కదా, అందులో శుద్ధ రిషభానికి, అంటే కింది రి కి, రెండో బెజ్జం సగమే మూయాలి. పన్నెండేళ్ళ పిల్ల వేలికి సగం అంటే ఎంత? కొంచెం ఎక్కువ మూస్తే షడ్జంలోకి జారిపోతుంది, తక్కువ మూస్తే చతుశ్రుతి రిషభం, అంటే పై రి, వైపు వెళ్ళిపోతుంది. మాస్టారు కళ్ళు మూసుకుని వినేవారు, వేలు వైపు చూసేవారు కాదు. "వేలితో కొలవకమ్మా, చెవితో కొలువు" అని. సాధన అయ్యాక వేళ్ళ కొసల మీద గుండ్రటి అచ్చులు పడేవి, స్కూల్లో పక్కన కూచునే పిల్లలకి చూపించుకునేదాన్ని.

పాఠం అయ్యాక అరుగు మీద కబుర్లు. నాకు సంగీత చరిత్ర తెలిసిందంతా ఆ అరుగు మీదే. కుంభకోణం శరభశాస్త్రి గారు చిన్నప్పుడే చూపు పోయినా వేణువుని కచేరీ వాద్యంగా నిలబెట్టారని, 1872లో పుట్టి 1904లోనే పోయారని, ముప్ఫై రెండేళ్ళకే. ఆయన శిష్యులు పల్లడం సంజీవరావు గారని, ఆ తర్వాత మాలి గారు, అంటే టి.ఆర్. మహాలింగం గారొచ్చి ఫ్లూట్ పట్టుకునే పద్ధతే మార్చేశారని, గొంతులో పలికే గమకాలన్నీ, అంటే స్వరాన్ని ఊపే తీరులన్నీ, వెదురులో పలికించారని, మాలి గారి శిష్యులు రమణి గారు పొడుగు ఫ్లూట్ తో కింది స్థాయిలో ఎంత నిండుగా వాయించేవారో. ఇవన్నీ చెప్పి చివర్లో మా ఊళ్ళ వైపు వేలు చూపించి, "ఎక్కడో ఎందుకమ్మా, బాలమురళి పుట్టింది మీ వైపు శంకరగుప్తంలోనే, 1930లో, వాళ్ళ నాన్నగారు పట్టాభిరామయ్య గారు వేణువు వాయించేవారు" అనేవారు. ఆ రోజు పంటులో తిరిగొస్తూ అవతలి గట్టు మీద కొబ్బరి చెట్ల వైపు చూస్తే ఏదో కొత్తగా అనిపించింది నాకు.

వర్ణాలయ్యాక కృతులు మొదలు. ఇక్కడే నేను చెప్పాలనుకున్న అసలు విషయం ఉంది. త్యాగరాజస్వామి వారి కల్యాణి రాగం కృతి, నిధి చాల సుఖమా. మిశ్రచాపు తాళం. పల్లవి "నిధి చాల సుఖమా, రాముని సన్నిధి సేవ సుఖమా, నిజముగ పల్కు మనసా" అని. సాహిత్యం నోట్బుక్ లో రాయించి, పాడించి, కంఠతా వచ్చాక ఫ్లూట్ మీద వాయించమన్నారు. నేను పల్లవి వాయించా, స్వరాలన్నీ సరిగ్గానే పడ్డాయని నాకు తెలుసు, మెచ్చుకుంటారని ఆయన వైపు చూశా. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"అమ్మాయ్, ఇప్పుడు నువ్వు ఏం అడిగావో తెలుసా?"

"తెలీదండి."

"నిధి సుఖమా, రాముడి సన్నిధి సుఖమా, నిజం చెప్పవే మనసా అని కదా ఆయన అడుగుతున్నది. నువ్వు రాముని స దగ్గర ఊపిరి తీసుకున్నావు. తర్వాత వినపడింది ఏంటి? నిధి. రాముడి సన్నిధిని కూడా తీసుకెళ్ళి నిధి చేసేశావు. ఇంక మనసు ఏం చెప్తుంది?"

నాకు అప్పటికి పదిహేనేళ్ళు. ఆ క్షణంలో ఏమైందో మాటల్లో పెట్టడం కష్టం. అప్పటిదాకా ఊపిరి అంటే అయిపోయినప్పుడు తీసుకునేది అనుకున్నా. ఫ్లూట్ లో మాట వినపడదు కదా, ఎక్కడ తీసుకుంటే ఏంటి అనుకున్నా. కానీ వినేవాడికి పాట తెలుసు, వాడి మనసులో సాహిత్యం నడుస్తూనే ఉంటుంది, నేను గాలి తెంపిన చోట వాడి మాట తెగిపోతుంది. ఆయన ఎర్ర పెన్సిల్ తీసి నా నోట్బుక్ లో సుఖమా తర్వాత ఒక చిన్న గీత, సేవ సుఖమా తర్వాత ఇంకో గీత పెట్టారు. ఈ గీతల దగ్గర తప్ప ఇంకెక్కడా గాలి తెగకూడదు. అప్పట్నుంచి ప్రతి కృతికీ ఎర్ర గీతలే. మనం తెలుగువాళ్ళం, త్యాగయ్యగారి మాట మనకి అర్థమవుతుంది, తమిళనాడులో ఎంతో మంది గొప్ప విద్వాంసులు ఆ అర్థాన్ని కష్టపడి అడిగి తెలుసుకుని వాయిస్తారు, మనకి పుట్టుకతో వచ్చినదాన్ని మనం పట్టించుకోకుండా వాయిస్తే చాలా తప్పు అని నా గట్టి నమ్మకం.

1996 నవంబర్ 6 తుపాను గురించి మా కోనసీమలో ఎవర్ని అడిగినా చెప్తారు. అమలాపురం, ముమ్మిడివరం వైపు పోయినంత మా వైపు పోలేదు, అయినా మా ఇంటి పెంకులు లేచిపోయి పెట్టెలో నీళ్ళు నిండాయి, నా ఫ్లూట్లు నాలుగూ తడిశాయి. కంగారులో ఎండలో పెట్టేశా, అది నేను చేసిన పెద్ద తప్పు, వెదురు నీడలో మెల్లగా ఆరాలి. మూడు పగిలిపోయాయి. నాన్నగారు ఆ ఏడాది చెట్లు పడిపోయి పని లేక ఇంట్లోనే ఉన్నారు, కొత్తవి కొనమని అడిగే పరిస్థితి కాదు. మాస్టారు బీరువాలోంచి తన ఐదు శ్రుతి ఫ్లూట్ తీసి నా చేతిలో పెట్టారు. ఏం మాట్లాడలేదు. లోపల నువ్వుల నూనె రాసి, పాత ధోవతి గుడ్డలో చుట్టి ఉంచుకున్నారు దాన్ని, వాయించడం మానేసిన ఇన్నేళ్ళూ.

1998లో రేడియో ఆడిషన్ కి అప్లై చేయించారు. ఆకాశవాణిలో బి, బి హై, ఎ, టాప్ అని గ్రేడులుంటాయి, సోలో ఆర్టిస్టుగా నిలబడాలంటే అప్పట్లో, మా లాంటి ఊళ్ళల్లో మరీ, ఆ గ్రేడ్ చూసే పిలిచేవారు. వచ్చిన రాగాలూ కృతులూ జాబితా రాసి పంపాలి. నరసాపురంలో పొద్దున్నే పాసింజర్ ఎక్కి నాన్నగారూ నేనూ వెళ్ళాం, మే నెల, చెమటలు కారిపోతున్నాయి, రైల్లో కిటికీ పక్కన ఫ్లూట్ సంచి ఒళ్ళో పెట్టుకుని కూచున్నా. స్టూడియోలోకి వెళ్ళగానే చల్లగా హాయిగా అనిపించింది. పది నిమిషాలయ్యాక తంబుర పెట్టుకుని షడ్జం ఊదితే కిందకి ఉంది. నా షడ్జం నాకే పరాయిదిలా ఉంది.

ఇది ఊదేవాళ్ళందరూ తెలుసుకోవాల్సిన సంగతి కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. ఫ్లూట్ లో మోగేది వెదురు కాదు, లోపలి గాలి. గాలి వేడిగా ఉంటే అందులో శబ్దం వేగంగా వెళ్తుంది, చల్లబడితే నెమ్మదిస్తుంది, ఒక్కో డిగ్రీకి సెకనుకి 0.6 మీటర్ల తేడా. వేగం తగ్గితే శ్రుతి తగ్గుతుంది. పది డిగ్రీలు పడిపోయిందంటే ఒక స్వరస్థానానికీ పక్క స్వరస్థానానికీ మధ్య ఉన్న దూరంలో దాదాపు మూడో వంతు కిందకి జారుతుంది. వయొలిన్ అయితే బిరడా తిప్పుకుంటారు, మృదంగం అయితే దెబ్బ కొట్టి కలుపుకుంటారు, మనకి తిప్పుకోవడానికి ఏమీ లేదు. నాకు ఇదేం తెలీదు అప్పుడు. శ్రుతి పైకి లాగాలని గట్టిగా ఊదా. గట్టిగా ఊదితే శ్రుతి కొంచెం పెరుగుతుంది నిజమే, కానీ గాలి తొందరగా అయిపోతుంది. వాళ్ళు నా జాబితాలోంచి కల్యాణి అడిగారు. నిధి చాల సుఖమా మొదలుపెట్టా, రాముని స దగ్గరికొచ్చేసరికి నా దగ్గర ఊపిరి లేదు. అక్కడే తెగింది. ఆరేళ్ళ కిందట ఆయన చెయ్యెత్తి ఆపిన అదే చోట.

రాలేదని ఉత్తరం వచ్చింది. అది రాకముందే నాకు తెలుసు. నేను మాస్టారి దగ్గరికి మూడు వారాలు వెళ్ళలేదు, ఆయనే పంటు ఎక్కి మా ఇంటికొచ్చారు, అదే మొదటిసారి ఆయన మా ఇంటికి రావడం. అమ్మ కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చింది. జరిగింది మొత్తం చెప్పించుకుని, "ఏసీ సంగతి నేను చెప్పాల్సిందమ్మా, నేను వాయించిన రోజుల్లో అన్నీ పందిళ్ళే, నాకు తట్టలేదు" అన్నారు. నా తప్పుని ఆయన మీద వేసుకున్నారు, నాకు ఏడుపొచ్చింది.

2000లో పెళ్ళి, పాలకొల్లు. 2001లో బాబు. ఏడో నెల కడుపుతో ఉన్నప్పుడు కూడా వాయించేదాన్ని, ఊపిరి సగానికి సగం తగ్గిపోయింది, ఒక్కో పంక్తి మొత్తం లాగలేకపోయేదాన్ని. అప్పుడు మాస్టారు అదే కృతులకి కొత్త గీతలు పెట్టారు, చిన్న చిన్న ముక్కలు, కానీ ఒక్కటీ మాట మధ్యలో లేదు. ఊపిరి తక్కువైనా మాట తెగకుండా వాయించవచ్చని ఆ మూడు నెలల్లోనే నేర్చుకున్నా. మా అత్తయ్యగారు మొదట్లో ఏమంటారో అని భయపడ్డా గానీ ఆవిడకి సంగీతం ప్రాణం, బాబుని తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయేవారు నేను సాధన చేసుకునే గంటసేపూ, ఆ గంట లేకపోతే నేను ఈ రోజు ఫ్లూట్ పట్టుకునేదాన్ని కాదు.

2003లో మళ్ళీ ఆడిషన్. ఈసారి ఫ్లూట్ శాలువాలో చుట్టి ఒంటికి ఆనించి పెట్టుకున్నా. లోపలికెళ్ళాక బెజ్జాలన్నీ మూసి, శబ్దం రానివ్వకుండా నోటి వేడి గాలి లోపలికి వదులుతూ కూచున్నా, చలికాలం చేతులు వేడి చేసుకోడానికి హా అని ఊదుకుంటాం చూడండి, అలాగ. అయినా వెంట్రుకవాసి కిందే ఉంది. అప్పుడు మాస్టారు చెప్పి పంపింది చేశా, శ్రుతి పెట్టెనే కొంచెం కిందకి దింపి, "అయ్యా, ఈ శ్రుతికి కలుపుకోండి" అని వయొలిన్ ఆయన్నీ మృదంగం ఆయన్నీ అడిగా. మృదంగానికి రెండు మూడు నిమిషాలు పట్టింది. ఆ నిశ్శబ్దంలో కూచోవడం చాలా కష్టం, అందరూ నా కోసం ఆగారు అనిపిస్తుంది. కానీ అడగాలి. ఊదేవాళ్ళకి నేను చెప్పే సలహాల్లో మొదటిది ఇదే, శ్రుతి కుదరకుండా ఒక్క స్వరం కూడా మొదలుపెట్టకండి. ఆ రోజు కల్యాణి అడగలేదు, ఖరహరప్రియ అడిగారు. బి గ్రేడ్ వచ్చింది. బి హై రావడానికి ఇంకో తొమ్మిదేళ్ళు పట్టింది, దాని గురించి రాయడానికి పెద్దగా ఏం లేదు, సాధనే.

మొదటి బ్రాడ్ కాస్ట్ రోజు నేను మాస్టారింట్లోనే ఉన్నా. అరగంట ప్రోగ్రాం. నేనే పట్టుబట్టి నిధి చాల పెట్టుకున్నా అందులో. చిన్న రేడియో మంచం పక్కన స్టూలు మీద పెట్టి విన్నాం, అమ్మగారూ ఆయనా నేనూ. పల్లవి రెండోసారి తిరిగినప్పుడు సన్నిధి దగ్గర ఆయన చూపుడు వేలు గాల్లోకి లేచింది, మాట పూర్తయ్యేదాకా అలాగే ఉండి మెల్లగా దిగింది. ప్రోగ్రాం అయ్యాక కాఫీ ఇమ్మని అమ్మగారికి చెప్పారు, అంతే.

సోలో ఆర్టిస్ట్ అంటే మా డెల్టాలో ఎలా ఉంటుందంటే, పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధనలు ఊరూరా ఉంటాయి, ఆ వారం ఊపిరి సలపదు, పంచరత్న కృతులు అందరూ కలిసి పాడే గోష్ఠిలో కూచుని తర్వాత మన వంతు అరగంట. దసరా తొమ్మిది రోజులు, శ్రీరామనవమి పందిళ్ళు, కార్తీకమాసం గుళ్ళు. కొన్నిచోట్ల సంభావన ఇస్తారు, కొన్నిచోట్ల శాలువా, కొబ్బరిబొండాం. దీని మీదే ఇల్లు గడవదు, పిల్లలు ముందే తెలుసుకోవడం మంచిది, మా ఆయన ఉద్యోగం ఉంది కాబట్టి నాకు కుదిరింది. కానీ అంతర్వేది కల్యాణాల్లో, ఎక్కడ పన్నెండేళ్ళప్పుడు రంగు కాగితం వేణువు కొనుక్కున్నానో అక్కడ, ఇసకలో చాపలేసుకుని కూచున్న జనం ముందు వాయించిన రాత్రి నాకు అన్ని శాలువాలకంటే ఎక్కువ. మైకు సంగతి కూడా చెప్తా, మైకుని ఊదే బెజ్జానికి ఎదురుగా పెడితే ఉస్సుమని గాలే వినిపిస్తుంది, కొంచెం పక్కకి, వేళ్ళ వైపుకి జరిపించండి. మైక్ సెట్ కుర్రాళ్ళు చెప్తే వింటారు, కచేరీకి అరగంట ముందు వెళ్ళి బాబూ తమ్ముడూ అని చెప్పుకోవాలి.

2008 నుంచి పాఠాలు చెప్తున్నా. మొదట్లో నా కొడుకు, వాడి ఫ్రెండ్స్ ఇద్దరూ, ఇప్పుడు పద్దెనిమిది మంది. మొదలుపెట్టేవాళ్ళకి నేను పీవీసీ పైపుతో చేసిన ఫ్లూటే ఇస్తా, వెదురు ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది, కణుపు దూరం, గోడ మందం, ఎండిన తీరు అన్నీ చూసుకోవాలి, చిన్నపిల్లలకి అది తెలీదు, పైపు పగలదు, తడిసినా ఏం కాదు. ఏడాది తర్వాత వెదురు. నాలుగు నెలలు పాట మాత్రం అందరికీ తప్పదు, మాస్టారి దగ్గర నాకెలాగో అలాగే. 2020 లాక్ డౌన్ లో ఫోన్లో చెప్పాల్సొచ్చింది, చాలా బాధపడ్డా, పిల్లలు దీర్ఘంగా షడ్జం ఊదితే ఫోన్ దాన్ని ఫ్యాన్ మోత అనుకుని కత్తిరించేసేది, నాకు సగంలో నిశ్శబ్దం. తంబుర కలిపి వాయిద్దామంటే మాట వెళ్ళి రావడానికే ఆలస్యం. చివరికి పిల్లల్ని రికార్డు చేసి పంపమన్నా, నేను విని, ఏ చోట ఊపిరి తీసుకోవాలో పాడి తిరిగి పంపేదాన్ని. అంటే మళ్ళీ మాస్టారి పద్ధతే, గొంతే.

మాస్టారు 2011లో పోయారు. ఆయన ఎర్ర గీతలున్న నోట్బుక్కులు ఏడు నా దగ్గరున్నాయి, అట్టలు ఊడిపోయాయి, నా పిల్లలందరూ వాటిలోంచే రాసుకుంటారు.

పోయిన నెల ఒక సంగతి జరిగింది. నా దగ్గర ఒక కుర్రాడున్నాడు, ఇంటర్ సెకండియర్, వాళ్ళ నాన్నగారు రేవులో పంటు మీద టికెట్లు ఇస్తారు. ఆరేళ్ళుగా వస్తున్నాడు, వచ్చే ఏడాది ఆడిషన్ కి పంపుదామనుకుంటున్నా. నిధి చాల అనుపల్లవి, అంటే పల్లవి తర్వాత భాగం, వాయిస్తున్నాడు, దధి నవనీత క్షీరములు రుచో అని. మాస్టారి గీత క్షీరములు తర్వాత ఉంది, అక్కడ ఊపిరి తీసుకుని రుచో విడిగా వాయించాలి. వాడు ఆగలేదు. ఒక్క ఊపిరిలో రుచో దాకా వెళ్ళిపోయి అక్కడ ఆగాడు.

"గీత ఎక్కడుందిరా" అన్నా.

"క్షీరముల దగ్గరుందండి. కానీ అక్కడ ఆపితే పాలూ పెరుగూ వెన్నా అని ఊరికే పేర్లు చెప్పినట్టు ఉందండి మేడమ్. రుచా అని అడుగుతున్నారు కదండీ, అది కలిసుండాలి కదా?"

మళ్ళీ వాయించమన్నా. కళ్ళు మూసుకుని విన్నా. వాడిదే సరి. అప్పుడు నేను పదిహేనేళ్ళ పిల్లని, ఆ పంక్తి మొత్తం లాగేంత ఊపిరి నాకు లేదు కాబట్టి మాస్టారు గీత అక్కడ పెట్టారు, అది నా కోసం పెట్టిన గీత, నేనేమో ఇన్నేళ్ళుగా అందరి పుస్తకాల్లోనూ అదే రాయించుకుంటూ వచ్చా. వాడు వెళ్ళాక ఆ పాత నోట్బుక్ తీశా. ఎర్ర గీత అలాగే ఉంచి, రుచో తర్వాత నీలం పెన్నుతో ఇంకోటి పెట్టి, పక్కన వాడి పేరు రాశా.